పర్సనాలిటీ టెస్టు ఫలితం చూసి ఎవరికి ఏ పని అని మార్చొచ్చా? (తిరుపతి, చిత్తూరు సభ్యుల చర్చ)

తిరుచానూరు_రోడ్
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక చిన్న ఆఫీసు గురించి అడుగుతున్నాను. ట్రావెల్స్ బుకింగ్, దాని పక్కనే లాడ్జి రిసెప్షన్, వెనక గదిలో లెక్కలు. మొత్తం ఎనిమిది మంది. అందరూ ఫోన్లో ఒక ఉచిత పర్సనాలిటీ టెస్టు చేసుకున్నారు. ఒక్కొక్కరికి నాలుగు అక్షరాల ఫలితం వచ్చింది. అది చూసి కౌంటర్లో ఎవరుండాలి, లెక్కల్లో ఎవరుండాలి అని మార్చొచ్చా? పురటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల రద్దీ మొదలయ్యేలోపు సర్దుకోవాలి. ఇంకో సందేహం. ఒకరికి మూడు నెలల క్రితం అంతర్ముఖి (ఇంట్రోవర్ట్) అని వచ్చింది, ఇప్పుడు బహిర్ముఖి (ఎక్స్‌ట్రోవర్ట్) అని వచ్చింది. ఏది నమ్మాలి?

కపిలతీర్థం
రెండో సందేహంతో మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

ఆ టెస్టులో అంతర్ముఖి, బహిర్ముఖి తేల్చడానికి 20 ప్రశ్నలున్నాయి అనుకుందాం. 11 జవాబులు అంతర్ముఖి వైపు, 9 బహిర్ముఖి వైపు పడితే అంతర్ముఖి అని అక్షరం వస్తుంది. తర్వాతిసారి కేవలం రెండు జవాబులు మారితే 9, 11 అవుతుంది, అక్షరం తిరగబడుతుంది. మనిషి మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నాడు. మనుషుల ఎత్తు లాగే ఈ గుణాలు కూడా ఎక్కువమందిలో మధ్య భాగంలోనే ఉంటాయి. మధ్యలో గీత గీసి జనాన్ని రెండు గుంపులు చేస్తే ఆ గీత దగ్గరున్న వాళ్ళందరూ అటూ ఇటూ దూకుతూనే ఉంటారు. ఈ నాలుగు అక్షరాల టెస్టుల్లో అసలుది ఎంబీటీఐ (మయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్). దాన్ని ఐదు వారాల తేడాతో మళ్ళీ రాయించినా సగం మంది దాకా వేరే టైపులోకి వెళ్ళొచ్చని 1993లోనే పరిశోధకులు రాశారు.

ఇంకో మాట. ఫోన్లో ఉచితంగా దొరికేవి చాలావరకు అసలు ఎంబీటీఐ కావు. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో చెప్పిన సిద్ధాంతాన్ని పట్టుకుని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ ఎంబీటీఐని తయారుచేశారు. అసలు ఫారంలో తొంభైకి పైగా ప్రశ్నలుంటాయి, డబ్బు కట్టాలి, శిక్షణ పొందినవాళ్ళు ఫలితం కూర్చోబెట్టి వివరించాలి. ఉద్యోగాలకి ఎంపిక చెయ్యడానికి దీన్ని వాడొద్దని దాన్ని ప్రచురించేవాళ్ళే చెప్తారు. మీరడిగిన కౌంటర్, లెక్కల విభజన కూడా ఒక రకం ఎంపికే. కాబట్టి అక్షరాలు చూసి కుర్చీలు మార్చకండి.

చంద్రగిరి_కోట
కపిలతీర్థం గారు చెప్పిన లెక్క సరైనదే. అయినా నాలుగు అక్షరాలకి ఒక ఉపయోగం ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఎనిమిది మంది కూర్చుని "నువ్వు చివరి నిమిషం దాకా ఎందుకు తేల్చవు?" అని గొడవపడే బదులు "నాకు ముందే తేలిపోవాలి, నీకు చివరిదాకా దారి తెరిచి ఉండాలి, ఈ పనికి ఏది కావాలి?" అని మాట్లాడుకోగలుగుతారు. ఆ చివరి అక్షరం, అంటే ముందే తేల్చేసే తీరు, తెరిచి ఉంచే తీరు, ఆఫీసుల్లో వచ్చే కొన్ని కీచులాటలకి మూలం కావచ్చు.

చెయ్యాల్సింది ఇది. ప్రతి పనికీ ఒకటి కాదు, రెండు తేదీలు రాసుకోండి. మొదటిది "ఇంతవరకు మార్పులు చెప్పొచ్చు" అనే తేదీ, రెండోది "పని ముగిసే" తేదీ. ఉదాహరణకి ఒక నలభై మంది యాత్రికుల బస్సు ప్యాకేజీ ఉందనుకోండి. తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం ఏ వరసలో అనే మార్పులు బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు వరకే. ఆ తర్వాత డ్రైవరుకి, హోటలుకి చెప్పేశాం కాబట్టి ఎవరూ ముట్టుకోరు. ముందే తేల్చుకునేవాళ్ళకి రెండో తేదీ భరోసా, తెరిచి ఉంచేవాళ్ళకి మొదటి తేదీ దాకా స్వేచ్ఛ. ఒకే తేదీ పెట్టిన ఆఫీసుల్లో ఇద్దరూ దాన్ని తమకి నచ్చినట్టు అర్థం చేసుకుంటారు, అక్కడే తగువు.

ఇందులో ఒక పెద్ద లోటు కూడా ఉంది. ఒత్తిడికి ఎంత త్వరగా కలత చెందుతారు అనేది ఈ నాలుగు అక్షరాల్లో ఎక్కడా లేదు. రద్దీ రోజు కౌంటర్‌కి అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

కపిలతీర్థం
అందుకే బిగ్ ఫైవ్ అనే రకం పర్సనాలిటీ టెస్టు చేసుకోమంటాను. అందులో టైపులు లేవు, ఐదు గుణాల మీద ఐదు అంకెలుంటాయి. బహిర్ముఖత. పని శ్రద్ధ. సర్దుకుపోయే గుణం. ఆందోళన పాలు. కొత్త ఆలోచనల మీద ఆసక్తి. కోస్టా, మెక్‌క్రే అనే పరిశోధకులు 1989లో రెండింటినీ పోల్చి చూస్తే ఎంబీటీఐ నాలుగు జంటలూ వీటిలో నాలుగింటితో దగ్గరగా కలిశాయి. కలవకుండా మిగిలింది చంద్రగిరి గారు చెప్పిన ఆ ఆందోళన పాలే.

ఉచితంగా, ఎవరైనా వాడుకోవడానికి వదిలిన ప్రశ్నల నిధి ఒకటుంది, ఐపీఐపీ. దాన్నుంచి తీసిన 20 ప్రశ్నల మినీ ఐపీఐపీ చిన్న ఆఫీసుకి సరిపోతుంది. ఒక్కో గుణానికి 4 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, అంటే ఒక్కో గుణానికి 4 నుంచి 20 దాకా వస్తుంది, నడుమ 12.

ఎక్కువమంది తప్పు చేసేది లెక్క దగ్గర. పని శ్రద్ధకి ఉన్న నాలుగు వాక్యాల భావం ఇలా ఉంటుంది: పనులు వెంటనే చేసేస్తాను. తీసిన వస్తువు తీసినచోట పెట్టడం తరచూ మర్చిపోతాను. అన్నీ ఒక వరసలో ఉండడం నాకు ఇష్టం. పనుల్ని గందరగోళం చేసేస్తాను. రెండోది, నాలుగోది వ్యతిరేక దిశలో ఉన్నాయి, కాబట్టి వాటికొచ్చిన మార్కును 6 నుంచి తీసెయ్యాలి. ఒకరు 4, 2, 5, 2 అని రాశారు. సరైన లెక్క 4 + 4 + 5 + 4 = 17. తిరగెయ్యడం మర్చిపోతే 13 వస్తుంది, అంటే ఎంతో శ్రద్ధగలవాళ్ళు మామూలువాళ్ళుగా కనిపిస్తారు. మొత్తం 20లో 11 వాక్యాలు ఇలా తిరగెయ్యాల్సినవే. ముందుగానే వాటి పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకోండి.

తెలుగులోకి మార్చుకునేటప్పుడు "చెయ్యను, ఉండను, లేదు" అని ముగిసే వాక్యాలు వీలైనంత తగ్గించండి. "నేను వాయిదా వెయ్యను" అనేదానికి "సరిపోదు" అని గుర్తు పెట్టాలంటే మనిషి ఆగి ఆలోచించాలి, సగం మంది తడబడతారు. "వాయిదా వేస్తుంటాను" అని రాసి లెక్కలో తిరగెయ్యడం మేలు.

రెండు మూడు మార్కుల తేడాని తేడాగా చూడకండి. ఇంత చిన్న టెస్టుకి అంత పొరపాటు సహజం. 9కీ 16కీ మధ్య ఉన్నది తేడా.

బెంగళూరా_కాయ
చిత్తూరు పక్క మామిడి పల్పు ఫ్యాక్టరీల సంగతి చెప్తా, పనికొస్తాది.

సీజను మొదలైతే రాత్రీ పగలూ నడస్తాయి. గేటు బయట ట్రాక్టర్లు వరస కట్టుంటాయి. ఆడ మూడు కుర్చీలకి మూడు రకాల మనుషులు కావాల. కాయ దించుకునే యార్డులో కొనుగోలు చూసేవాడికి సర్దుకుపోయే గుణం మరీ ఎక్కువుంటే కష్టం. పచ్చికాయ, దెబ్బ కాయ లోడులో కలిపి తెచ్చి "ఈ ఒక్కసారికి తీసుకోన్నా" అంటే కాదనలేడు. అట్లని మరీ తక్కువుండేవాణ్ణి పెడితే రైతులతో రోజూ రచ్చే. అందుకని మనిషిని మార్చే పని లేదు, వాడి చేతికి ఒక కొలత ఇవ్వాల. లోడుకి ఇన్ని క్రేట్లు విప్పి చూస్తాం, అందులో ఇంత శాతం దెబ్బ కాయ దాటితే కోత ఇంత, అని గేటు దగ్గరే బోర్డు రాసిపెట్టాల. అప్పుడు "నేను కాదన్నా, బోర్డులో ఉండాది చూడు" అంటాడు. మెత్తని మనిషి కూడా ఆ పని చెయ్యగలడు.

ల్యాబులో కుర్చీ వేరే. తోతాపురి పల్పుకి కొనేవాళ్ళు మామూలుగా కనీసం 14 బ్రిక్స్ (తీపి కొలత) అడగతారు. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద చుక్క పల్పు పెడితే రీడింగు వస్తాది. ముందటి శాంపిల్ తుడవకుండా పెడితే తప్పు అంకె చూపిస్తాది. మొదట డిస్టిల్డ్ వాటర్ పెట్టి సున్నా వస్తా ఉండాదా అని చూసుకోవాల. ఇదే పని గంట గంటకీ, రాత్రి మూడుకి కూడా, అదే ఓపికతో చెయ్యాల. ఎప్పుడూ కొత్తదనం కోరేవాడు పది రోజులు బాగా చేసి పదకొండో రోజు తుడవడం ఎగ్గొడతాడు. వాడు తెలివి తక్కువోడేం కాదు, ఆ పని వాడికి తిండి పెట్టడంలేదు, అంతే. వాణ్ణి లైను ఆగినప్పుడల్లా ఎందుకు ఆగిందో వెతికే పనిలో పెడితే బ్రహ్మాండంగా చేస్తాడు.

ఆందోళన పాలు ఎక్కువుండేవాళ్ళని తీసెయ్యాలనుకుంటారు చాలామంది, అది తప్పు. డ్రమ్ము సీలు, లేబులు, బ్యాచ్ నంబరు సరిచూసే చోట పెట్టండి. "ఏమన్నా తప్పు జరిగిందేమో" అనే గుబులు ఆడ పనిముట్టు లాంటిదే. అయితే ఒక గీత గియ్యాల. రెండుసార్లు చూసి సంతకం పెట్టినాక మూడోసారి చూడకూడదు. ఆ గీత లేకపోతే లారీ కదలదు.

కాణిపాకం_రూట్
బెంగళూరా_కాయ అన్న చెప్పింది లెక్కల ఆఫీసుకి కూడా సరిగ్గా వర్తిస్తుంది. నేను పని శ్రద్ధ గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దాన్నే అందరూ పొరపాటుగా చదువుతారు. బారిక్, మౌంట్ అనే ఇద్దరు 1991లో ఎన్నో పరిశోధనల్ని కలిపి చూశారు. అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడిన గుణం ఇదొక్కటే అని తేలింది. అది విని యజమానులు "తక్కువ వచ్చినవాడు బద్ధకస్తుడు" అని ముద్ర వేసేస్తారు.

పెద్ద టెస్టుల్లో ఈ ఒక్క గుణాన్ని ఆరు ముక్కలు చేస్తారు: సామర్థ్యం మీద నమ్మకం, క్రమం, మాట నిలబెట్టుకోవడం, సాధించాలనే పట్టు, స్వీయ క్రమశిక్షణ, ఆచితూచి అడుగెయ్యడం. ఒకరికి మాట నిలబెట్టుకోవడంలో ఎంతో ఎక్కువ, క్రమంలో బాగా తక్కువ ఉండొచ్చు. టేబుల్ మీద కాగితాల గుట్ట ఉంటుంది, కానీ కస్టమరుకి చెప్పిన తేదీ ఎన్నడూ తప్పదు. ఇంకొకరి టేబుల్ అద్దంలా మెరుస్తుంది, రిటర్ను మాత్రం ఆఖరి రోజు రాత్రి పడుతుంది. మొత్తం మార్కు ఇద్దరికీ ఒకటే రావచ్చు, మందు మాత్రం వేరు. మీ 20 ప్రశ్నల టెస్టు ఈ తేడా చూపించదు. అనుమానం ఉన్నవాళ్ళ వరకు ఐపీఐపీలోనే ఉన్న 120 ప్రశ్నలది చేయించండి.

స్వీయ క్రమశిక్షణ తక్కువ ఉన్నవాళ్ళకి "ఇంకా శ్రద్ధగా ఉండు" అని చెప్తే ఏమీ జరగదు. తేదీల్ని ముక్కలు చెయ్యాలి. నెలవారీ జీఎస్టీ దాఖలు చేసేవాళ్ళకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువు 20. మధ్యలో 14న జీఎస్టీఆర్-2బీ (కొనుగోళ్ళ మీద వచ్చే పన్ను క్రెడిట్ పట్టిక) వస్తుంది. 11 అని ఒక్కటే రాసుకున్నవాళ్ళు 10 సాయంత్రం మొదలుపెడతారు. 4వ తేదీకి అమ్మకాల బిల్లులన్నీ చేతికి రావాలి, 7కి పట్టిక ఇంకొకరికి చూపించాలి, 9కి దాఖలు. ఇందులో ప్రాణం 7వ తేదీది. ఇంకో మనిషి ఎదురుచూస్తుంటేనే ఆ తేదీ పనిచేస్తుంది. తనకి తానే పెట్టుకున్న గడువును ఈ స్వభావం వాళ్ళు ఎప్పుడూ జరిపేస్తారు.

అలాగే "అప్పుడు, అది" అని ముందే రాసుకోవడం. "పది గంటలకి టీ తాగి కూర్చోగానే మొదట నిన్నటి రసీదులు ఎక్కిస్తాను." సమయం, చోటు, పని మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. "రోజూ రసీదులు ఎక్కించాలి" అని రాస్తే అది కోరికగానే మిగిలిపోతుంది. గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త దీనిమీద చాలా పని చేశారు.

పని శ్రద్ధ బాగా ఎక్కువున్నవాళ్ళకీ ఒక చిక్కుంది. పని వదలరు, వేరేవాళ్ళకి ఇవ్వరు, రెండు రూపాయల తేడా కోసం మధ్యాహ్నం అంతా కూర్చుంటారు. ఎంత తేడా వరకు వెతకాలి, ఎంత దాటితే పెద్దవాళ్ళకి చెప్పాలి అని అంకె రాసి ఇవ్వండి.

తిరుచానూరు_రోడ్
చాలా ధన్యవాదాలు. ఒక సూటి ప్రశ్న. మా దగ్గర నెమ్మదిగా మాట్లాడే అబ్బాయి ఒకడున్నాడు, టెస్టులో అంతర్ముఖత బాగా ఎక్కువ వచ్చింది. కౌంటర్ నుంచి తీసెయ్యమంటారా?

పద్మావతి_నగర్
తీసెయ్యకండి, ముందు రెండు విషయాలు విడదియ్యండి. అంతర్ముఖత వేరు, బిడియం వేరు. అంతర్ముఖుడికి జనంతో మాట్లాడడం చేతనవుతుంది, బాగా కూడా చేస్తాడు. చాలాసేపు చేస్తే అలసిపోతాడు, ఏకాంతం దొరికితే తేరుకుంటాడు. బిడియం ఉన్నవాళ్ళకి మాట్లాడాలనే ఉంటుంది, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అన్న భయం ఆపుతుంది. మొదటిదానికి విరామం కావాలి, రెండోదానికి అలవాటు, ధైర్యం కావాలి. టెస్టులో బహిర్ముఖత తక్కువ, ఆందోళన కూడా తక్కువ ఉంటే మొదటి రకం అయ్యే అవకాశం ఎక్కువ. బహిర్ముఖత తక్కువ, ఆందోళన ఎక్కువ ఉంటే బిడియం కూడా కలిసి ఉందేమో చూడాలి.

గలగలా మాట్లాడేవాళ్ళే కౌంటర్‌కి సరైనవాళ్ళు అనుకోవడం కూడా సరికాదు. మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ 2013లో ఫోన్లో అమ్మకాలు చేసే 340 మందిని పరిశీలిస్తే ఎక్కువ అమ్మింది మధ్యస్థంగా ఉన్నవాళ్ళు. మరీ బహిర్ముఖులు తామే మాట్లాడతారు, వినరు. రెండు రాత్రులు నిద్ర లేకుండా తమిళనాడు నుంచి బస్సులో వచ్చిన కుటుంబానికి రూము చూపించే చోట వినడం చాలా ముఖ్యం.

ఇంకో జాగ్రత్త. ఫలితం చదివి "అచ్చం నా గురించే రాశారు" అనిపించడాన్ని రుజువుగా తీసుకోవద్దు. మనస్తత్వవేత్త బెర్ట్రామ్ ఫోరర్ 1948లో తన తరగతిలో 39 మంది విద్యార్థులకి టెస్టు పెట్టి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చారు. ఎవరికి వారు తమకోసం రాసిందే అనుకుని 5కి సగటున 4.26 మార్కులు వేశారు. పరీక్షించుకునే పద్ధతి తేలిక: మీ టైపు వర్ణనతో పాటు పూర్తి వ్యతిరేక టైపు వర్ణన కూడా చదవండి. రెండిట్లోనూ సరిపోయిన వాక్యాలు కొట్టేయండి. మిగిలినవే మీ గురించి ఏదో చెప్తాయి.

టెస్టు ఎవరికి వారే రాస్తే చాలదు. అవే 20 వాక్యాలు పక్క కుర్చీలో ఉన్న ఒకరితో, ఇంట్లో ఒకరితో మీ గురించి రాయించండి. లోపలి కలత మనకే బాగా తెలుస్తుంది. బయటికి కనిపించే పని శ్రద్ధ విషయంలో మాత్రం పక్కవాళ్ళ అంచనా మన అంచనా కంటే ఉద్యోగంలో పనితీరును బాగా పట్టిస్తుందని పరిశోధనల్లో తేలింది. మీ మార్కుకీ వాళ్ళ మార్కుకీ 4కి మించి తేడా వస్తే ఆ గుణం మీద కూర్చుని మాట్లాడుకోండి.

చంద్రగిరి_కోట
పద్మావతి గారూ, ఆ అబ్బాయి కౌంటర్ విషయం ఇంకాస్త వివరంగా చెప్తారా? విరామం అంటే ఎంత, ఎప్పుడు? రద్దీ రోజు "నాకు ఏకాంతం కావాలి" అంటే కుదరదు కదండీ.

పద్మావతి_నగర్
కుదిరేలా చెయ్యొచ్చు. ఊహతో కాకుండా రెండు వారాల పని చిట్టా చూసి నిర్ణయించండి. ఒక పుస్తకంలో ఐదు గడులు: సమయం, పని, ఎవరితో, మొదలుపెట్టే ముందు ఓపిక 1 నుంచి 5, ముగిశాక ఓపిక 1 నుంచి 5. నమూనా ఇలా ఉంటుంది.

ఉదయం 6 నుంచి 8. రూములు ఖాళీ చేసేవాళ్ళ లెక్క. ఒక్కొక్కరుగా వచ్చారు. 4, 4.
8 నుంచి 11. కొత్తగా దిగేవాళ్ళు, ఆధార్ చూడడం, రిజిస్టరు. గుంపులుగా. 4, 2.
11 నుంచి 12. ఆన్‌లైన్ బుకింగులు సరిచూడడం. ఒంటరిగా. 2, 4.
12 నుంచి 2. ఫోన్లు, కారు అడిగేవాళ్ళు. 4, 2.

ఇందులో అంకెల కంటే వాటి కదలిక చూడండి. గుంపు పని 4ని 2కి దించింది, ఒంటరి పని గంటలో మళ్ళీ 4కి తెచ్చింది. కాబట్టి అతనికి సెలవు అక్కర్లేదు, పనుల వరస మారితే చాలు. రెండు గుంపు పనుల మధ్యన ఒంటరిగా చేసే పని ఒక్కటి పెట్టండి. ఆ గంట కౌంటర్‌కి ఇంకొకరు వస్తారు. ఆ ఇంకొకరి చిట్టాలో ఒంటరి పని దగ్గర 4, 2 ఉంటే వాళ్ళే సరైన జోడీ.

చిట్టా ఎక్కడ చెడుతుందంటే, రాత్రి ఇంటికెళ్ళి గుర్తుతెచ్చుకుని రాసినప్పుడు. అప్పుడు రోజంతా చివరి గంట రంగులోనే కనిపిస్తుంది. పని మారిన వెంటనే రాయాలి, పది సెకన్లు పడుతుంది. ఇంకో తప్పు, చిరాకు పడ్డ రోజులు మాత్రమే రాయడం. మూడోది, బ్రహ్మోత్సవాల వారంలోనో వైకుంఠ ఏకాదశికో మొదలుపెట్టడం. ఆ రోజుల్లో ఎవరి ఓపికైనా పడిపోతుంది, స్వభావం గురించి ఏమీ తెలియదు. ఒక్కో రకం పనికి కనీసం ఐదు వరసలు వచ్చేదాకా ఏ నిర్ణయమూ వద్దు.

శ్రీసిటీ_షిఫ్ట్
ఉదయం 6 గంటల డ్యూటీ అన్నారు కాబట్టి ఒక మాట. మీ చిట్టాలో పొద్దున్నే 2 కనిపిస్తే దాన్ని వెంటనే స్వభావానికి అంటగట్టకండి, అది నిద్ర గడియారం కావచ్చు. ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఇది రోజూ జరిగే పొరపాటు. "ఈ మనిషి మందకొడి" అని రాసేస్తారు, అదే మనిషిని మధ్యాహ్నం షిఫ్టులో చూస్తే చురుగ్గా ఉంటాడు.

ఎవరు ఏ వేళ చురుగ్గా ఉంటారో తేల్చడానికి హోర్న్, ఓస్ట్‌బర్గ్ అనే పరిశోధకులు 1976లో ఇచ్చిన ప్రశ్నావళిలో 19 ప్రశ్నలున్నాయి. మార్కులు 16 నుంచి 86. 59, ఆపైన వస్తే పొద్దుటి మనిషి. 41, ఆలోపు వస్తే రాత్రి మనిషి. నడుమ ఉన్నవాళ్ళు ఎటైనా సర్దుకుంటారు, వాళ్ళే ఎక్కువమంది. ఎనిమిది మందిలో పొద్దుటి మనుషులు ఇద్దరు దొరికినా 6 గంటల కౌంటర్ వాళ్ళకే ఇవ్వండి. రాత్రి మనిషికి ఆలస్యంగా దిగేవాళ్ళ డ్యూటీ.

షిఫ్టులు తప్పనిసరిగా తిప్పాల్సివస్తే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలోనే తిప్పండి. మన లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త పొడుగు, కాబట్టి ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి ఉదయానికి వెనక్కి తిప్పితే ఎవరికైనా ఒళ్ళు మొరాయిస్తుంది. అన్నట్టు, పర్సనాలిటీ టెస్టు కూడా రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళతో రాయించొద్దు. ఆందోళన మార్కు ఊరికే పెరుగుతుంది.

కాణిపాకం_రూట్
అందరం టెస్టులు చెయ్యమంటున్నాం కానీ ఆ కాగితాలు ఎవరి దగ్గరుంటాయి అనేది ఎవరూ చెప్పలేదు. తిరుచానూరు_రోడ్ గారూ, దయచేసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మార్కులు పెట్టకండి. ఆందోళన పాలు 17 అని ఒకసారి అందరికీ తెలిస్తే ఆ తర్వాత ఆ మనిషి న్యాయంగా అడిగిన ప్రశ్నకి కూడా "నువ్వు ఊరికే కంగారు పడతావు" అనే జవాబు వస్తుంది. జీతం పెంచేటప్పుడు, తీసేసేటప్పుడు ఈ మార్కులు చూడకూడదని ముందే మాట ఇవ్వండి. ఆ మాట లేకపోతే అందరూ పని శ్రద్ధకి 20 వేసుకుంటారు, టెస్టుకి అర్థం ఉండదు. కౌంటర్‌కి ఎవరు సరిపోతారో తెలియాలంటే కౌంటర్లో రెండు గంటలు కూర్చోబెట్టి చూడడమే సరైన పరీక్ష.

బెంగళూరా_కాయ
నూటికి నూరుపాళ్ళు నిజం తమ్ముడూ. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చేతికి ఈ కాగితాలు ఇస్తే తిట్టడానికి ఇంకో మాట దొరికినట్టే.

కపిలతీర్థం
ఒప్పుకుంటాను. మార్కుల కాగితం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆఫీసుకి చెప్పాల్సింది మార్కు కాదు, దాన్నుంచి వచ్చిన అవసరం. ఒక్కొక్కరూ అర పేజీ రాసి ఇస్తే చాలు. ఎలా ఉండాలో ఒక నమూనా:

"నాకు కొత్త పని చెప్పేటప్పుడు నోటితో చెప్పి, తర్వాత రెండు ముక్కలు రాసి పంపండి. వరసగా రెండు గంటలు కౌంటర్లో ఉండగలను, ఆ తర్వాత ఒక అరగంట లోపలి పని ఇవ్వండి. ఏదైనా తప్పు చేస్తే కస్టమర్ల ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పండి, వెంటనే సరిదిద్దుకుంటాను. నేను మాట్లాడకుండా ఉన్నానంటే ఆలోచిస్తున్నానని అర్థం, కోపం అనుకోవద్దు. అడిగిన వెంటనే సరే అనేస్తుంటాను, కాబట్టి పెద్ద పనికి నా జవాబు మర్నాడు పది గంటలకి తీసుకోండి."

ఇందులో అంతర్ముఖత, ఆందోళన, సర్దుకుపోయే గుణం మూడూ ఉన్నాయి, ఒక్క అంకె కూడా లేదు. వాక్యాలు అవతలివాళ్ళు చెయ్యగలిగే పని రూపంలో ఉండాలి. "నేను సున్నితమైనదాన్ని, అర్థం చేసుకోండి" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఐదారు వాక్యాలు దాటితే ఎవరూ చదవరు.

తిరుచానూరు_రోడ్
చాలా స్పష్టంగా ఉంది. ఇదంతా ఎంత కాలానికి ఒకసారి చెయ్యాలి? ఒకసారి వచ్చిన మార్కు జీవితాంతం అదేనా?

పద్మావతి_నగర్
నెలల్లో మారదు, ఏళ్ళలో మారుతుంది. ఇరవైల నుంచి నలభైల్లోకి వచ్చేసరికి సగటున పని శ్రద్ధ, సర్దుకుపోయే గుణం పెరుగుతాయి, ఆందోళన తగ్గుతుంది. కాబట్టి టెస్టు రెండేళ్ళకోసారి చాలు. అర పేజీ కాగితం మాత్రం పని మారినప్పుడల్లా తిరగరాయాలి. అదే మనిషికి కౌంటర్లో కావాల్సింది వేరు, లెక్కల గదిలో కావాల్సింది వేరు.

ఒక్క విషయంలో టెస్టు వైపు చూడకండి. మామూలుగా హుషారుగా ఉండే మనిషి రెండు వారాలకి పైగా నిద్రపట్టక, తిండి సయించక, ఏ పని మీదా మనసు నిలవక ఉంటే దాన్ని స్వభావం అనుకోవద్దు. డాక్టరుకి చూపించండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

శ్రీసిటీ_షిఫ్ట్
పురటాసికి సమయం తక్కువ ఉంది కాబట్టి వరస చెప్తాను. రేపటి నుంచే చిట్టా మొదలుపెట్టండి, ఎందుకంటే దానికే రెండు వారాలు పడుతుంది. మినీ ఐపీఐపీ, నిద్ర ప్రశ్నావళి రెండూ కలిపి అరగంటలో అయిపోతాయి, వాటిని మొదటి వారంలో ఏదో ఒక వారపు సెలవు మర్నాడు పెట్టుకోండి. మూడో వారం అర పేజీలు రాయించి, షిఫ్టు పట్టిక వెయ్యండి. మొదటి పురటాసి శనివారానికి ముందున్న మామూలు శనివారం ఆ పట్టికతో ఒకసారి నడిపి చూడండి. ఆ రోజు ఎవరి చిట్టాలో 1 కనిపిస్తే వాళ్ళ ఒక్కరి వరస మార్చండి, మిగతా పట్టిక కదపొద్దు.

తిరుచానూరు_రోడ్
సరేనండి. ఎనిమిది నోటు పుస్తకాలు ఈ సాయంత్రమే తెప్పిస్తున్నాను. గడులు గీసి రేపు ఉదయం 6 గంటల డ్యూటీతోనే మొదలుపెడతాం.